ఆదివారం వేసిన చాటింపు

నిన్న మా కిటికీలకు రంగు వేసినతను పని ముగించి కుంచెలను కిరసనాయిలులో కడుగుతున్నాడు. ఆ వాసన తగలగానే లేచి పెరట్లోకి వెళ్లిపోయాను. "ఈయనకు చాదస్తం ముదిరింది" అని మా ఆవిడ నవ్వింది. నవ్వనీ. ఆ వాసన వస్తే నాకు మా హెడ్ క్లర్కు శంకరయ్య గారు గుర్తొస్తారు.

అరవైల మొదట్లో వరంగల్ దగ్గర, రైలు లైను మీది ఒక చిన్న పట్నం పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఊరి పేరు చెప్పను. శంకరయ్య గారు హనుమకొండలో అన్నదమ్ముల కిరాణా కొట్టు వదిలి ఉద్యోగంలోకి వచ్చిన మనిషి. ఏ కాగితమైనా రెండుసార్లు చదివేవారు. చదివి, "ఇది ఎవ్వలింటి ముంగటికి పోతది?" అని అడిగేవారు. మేం కుర్రగుమాస్తాలం చాటుగా ఆయన్ను అనుకరించి నవ్వుకునేవాళ్లం.

అప్పుడే ఒక చమురు కంపెనీ అక్కడ డిపో కడతానంది. వ్యాగన్లలో వచ్చే పెట్రోలు, కిరసనాయిలు ట్యాంకులకు చేరడానికి నేల కింద గొట్టం వేయాలి. అది క్రైస్తవుల బస్తీ మధ్యగా, వాళ్ల మంచినీళ్ల బావిని ఆనుకుని పోతుంది. చుట్టూ తిప్పి వేయవచ్చు గానీ, అటువైపు పెద్దవాళ్ల స్థలాలున్నాయి. పంచాయతీలో ఉప్పూ నిప్పులా ఉండే రెండు వర్గాలూ ఈ ఒక్క విషయంలో కలిసిపోయాయి.

అనుమతికి ముందు బస్తీలో డప్పు చాటింపు వేయించి, పదిహేను రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి. ఆ పని నాకు పడింది. మెంబరొకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఆదివారం పొద్దుగాల కొట్టియ్యి తమ్మీ, అందరు ఇంటికాడనే ఉంటరు" అన్నాడు. నమ్మాను. నా తెలివి అంతటిది.

వెళ్లేసరికి బస్తీలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. చర్చిలోంచి పాట వినిపిస్తోంది. డప్పు కొట్టే ఎల్లయ్య ఆగిపోయి, "అందరు ప్రార్థనకు పోయిండ్రు సారూ. జరసేపు ఆగుదమా?" అన్నాడు.

"నాకు పనుంది, కానియ్యి" అన్నాను. ఆ పని వరంగల్‌లో మాట్నీ సినిమా. ఎల్లయ్య మేకలకూ కోళ్లకూ చాటింపు వినిపించాడు.

గడువులోగా ఒక్క అభ్యంతరమూ రాలేదు. శంకరయ్య గారు ఫైలు చూసి నన్ను పిలిచారు.

"చాటింపు ఎవ్వలు విన్నరు?"

"వేయించాను సార్."

"నేనడిగింది అది కాదు బిడ్డా."

జరిగింది చెప్పాను. చాటింపు ప్రార్థన వేళ పడింది, బస్తీ వినలేదు, మళ్లీ వేయించాలి అని ఆయన ఫైల్లో రాశారు. మర్నాడు ప్రెసిడెంటు గది బయటికే అరుపులు వినిపించాయి. "ఊరు ముంగటికి పోతాంటె అడ్డం పడతవా శంకరయ్యా?" "అడ్డం పడుడు కాదు. ఇంకొక్కసారి డప్పు కొట్టుమంటున్న, గంతే."

ఆ సాయంత్రమే ప్రెసిడెంటు, శంకరయ్య గారి కాగితం తీసేసి, చాటింపు అందరూ విన్నారన్న కాగితం నా ముందు పెట్టాడు. నాది అప్పటికింకా టెంపరరీ ఉద్యోగం. ఎవరూ బెదిరించను కూడా లేదు, నేనే సంతకం పెట్టేశాను. నన్ను పర్మనెంటు చేశారు. శంకరయ్య గారిని జనన మరణాల రిజిస్టరు ముందు కూర్చోబెట్టారు. అయినా రోజూ "చాయ్ తాగినవా?" అని అడుగుతూనే ఉన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

గొట్టం వేసిన రెండో వానాకాలంలో బావి నీళ్లు కిరసనాయిలు వాసన కొట్టాయి. బస్తీవాళ్లు బిందెలతో ఆఫీసుకు వచ్చారు. చూస్తామన్నాం. చూడలేదు. చివరికి వాళ్లే బావి శుభ్రం చేసుకోబోయారు. దావీదనే పాతికేళ్ల మనిషి తాడు పట్టుకుని దిగాడు. లోపల పేరుకున్న చమురు ఆవిరికి స్పృహ తప్పాడు. పైకి శవాన్ని లాగారు.

మూడో రోజు దావీదు అన్న చావు రాయించడానికి వచ్చాడు. శంకరయ్య గారు నన్ను పిలిచి, "ఇది నువ్వు రాయి బిడ్డా" అన్నారు. పేరు, వయసు రాశాను. కారణం దగ్గర కలం ఆగింది.

"దవాఖానోళ్లు ఊపిరాడక అని ఇచ్చిండ్రు. గదే రాయి."

రాశాను. ఎదురుగా నిలబడ్డ అతను, "ముందుగాల మాకు ఒక్కలన్న చెప్తే, మీ కాళ్లు పట్టుకోనన్న ఆపిచ్చుకుందుము సారూ" అన్నాడు. శంకరయ్య గారు నా ముఖంలోకి చూశారు. చాటింపు సంగతి నేనే చెబుతానని ఎదురుచూశారు. నేను బ్లాటింగు కాగితం అద్దుతూ తల వంచుకున్నాను.

ఆ తర్వాత సర్వీసంతా ఏ నోటీసైనా ఇంటింటికీ తిరిగి నేనే చదివి వినిపించాను. తోటివాళ్లు నన్ను నిజాయితీపరుడన్నారు. శంకరయ్య గారు మాత్రం రిటైరయ్యే దాకా ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.