పాచినీళ్ళు

మూలకుళంలోని మా ఇంట్లో కొన్ని పొద్దుల్లో కొళాయి తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. ఇంట్లోవాళ్ళు ముక్కు మూసుకుని పక్కకి పోతారు. నాకు మాత్రం ఆ వాసనలో ఒక గాజు తొట్టి, అందులో పక్కకి ఒరిగిన బంగారు చేప కనబడతాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. వీధి మొత్తానికీ ఒకటే కొళాయి. తెల్లారకముందే ఇత్తడి బిందెలు వరసలో కూర్చునేవి, వాటి వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక తొక్కుడుబిళ్ళ గీతలు గీసుకుంటూ మేమూ. నీళ్ళ దగ్గర మా అమ్మ మహా పట్టింపు మనిషి. రాత్రి నిలవున్నవి పాచినీళ్ళు, తాగకూడదు, వండకూడదు అని, పొద్దున్నే బిందెలన్నీ కనకాంబరం పాదులో కుమ్మరించి, చింతపండుతో తళతళలాడేట్టు తోమి, మళ్ళీ వరసలో నిలబడి కొత్త నీళ్ళు పట్టుకొచ్చేది. ఆడినెలలో, అంటే ఆషాఢంలో, అమ్మవారికి అంబలి కాచేనాడైతే రెండుసార్లు తోమేది. అంబలిలోకి నంజుకునే మునగాకు వేపుడు, తడి ఇత్తడి, ఆ రెండు వాసనలూ కలిస్తేనే నాకు ఇప్పటికీ పండగ.

అమ్మ ఇందిరా నగర్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో పని చేసేది. తమ్ముణ్ణి ఎత్తుకునేదానికని నన్ను బడికి పంపలేదు. అది తెలిసి టీచరమ్మ, సెలవులయ్యాక పిల్లని తనే తీసుకుపోయి బడిలో చేర్పిస్తానని అమ్మకి మాటిచ్చింది. ఆ ఎండాకాలం ఊరికి పోతూ, వచ్చేదాకా చూసుకోమని తన చేప తొట్టిని మాకిచ్చింది. చిటికెడు మేత వెయ్యమంది, నీళ్ళు శుభ్రంగా ఉంచమంది. అంతే. అమ్మ తొట్టిని నా ఒళ్ళో పెట్టి, "దీన్ని బాగా చూసుకున్నావంటే నీకు పలక వస్తాది మే," అంది.

అమ్మకి తెలిసిన శుభ్రం ఒకటే. పొద్దున్నే చేపని చెంబులోకి తీసి, పాచినీళ్ళు పారబోసి, తొట్టి తోమి, కొళాయి నీళ్ళు నింపేవాళ్ళం. తోమడం నా వంతు. మొదట్లో చేప బాగానే ఉంది. తర్వాత పక్క వీధిలో వాంతులూ బేదులూ వచ్చాయని నీళ్ళలో బ్లీచింగ్ మందు ఎక్కువ కలిపారు, బిందె పడుతుంటే కళ్ళు మండేవి. చేప పైకి తేలి ఊపిరి కోసం నోరు తెరిచేది, మూసేది. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి, తోకలో ఎర్రటి గీతలు లేచాయి.

పక్కింటి కన్నమ్మ అత్త తేంగాయితిట్టు చేపల రేవులో చేపలు కోసే మనిషి. అమ్మ పిలిస్తే వచ్చి, చేపని అరచేతిలోకి తీసుకుని, అలవాటు కొద్దీ బొటనవేలితో మొప్ప ఎత్తి చూసింది.

"చచ్చిన చేపలే వదినా నాకు తెలిసేది. దీన్ని పులుసు పెట్టినా గిన్నె అడుగు తడవదు," అని నవ్వింది.

"ఊరుకో కన్నమ్మా. నా బిడ్డ చదువుండాది దీంట్లో."

అత్త నవ్వు ఆపేసింది. "మొప్ప కాలినట్టుండాదే."

"నీళ్ళల్లో ఉండేది యాడ కాలతాదమ్మే!" అంది అమ్మ.

సాయంత్రానికి మాత్రం చేప కాస్త తేరుకుని తొట్టిలో ఒక చుట్టు తిరిగేది. కొత్త నీళ్ళే దానికి మందనుకున్నాం. అందుకని సాయంత్రం కూడా మార్చడం మొదలుపెట్టాం. మూడోనాడు, తోమిన తొట్టిలోకి వదలగానే కాసేపు కొట్టుకుని, వెల్లకిలా తేలిపోయింది.

అమ్మ నా వీపు మీద చరిచింది. "సరిగ్గా తోమలేదు నువ్వు," అంది. తర్వాత చెంగు నోట్లో కుక్కుకుంది. తొట్టిని తనే ఇంకోసారి తోమి, సెలవులు కాగానే అత్తచేత పంపించేసింది. చేప పోతే పోయింది, పిల్లని తీసుకు రమ్మని టీచరమ్మ రెండుసార్లు కబురు పెట్టింది. "ఏ మొహం పెట్టుకోని పోయేది?" అంది అమ్మ. ఆ ఇంటి పని మానేసి కన్నమ్మ అత్త వెంట చేపలు కొయ్యడానికి పోయింది. బడి తెరిచిన రోజు నేను తేంగాయితిట్టులో, ఐసు నీళ్ళ బురదలో, వేలం పాటల కేకల మధ్య, అమ్మ పక్కన కూర్చుని చేపల పొలుసు గీస్తున్నాను. ఆ పని ముప్పై ఏళ్ళకు పైగా చేశాను. సరిగ్గా తోమలేదన్న మాట అన్నేళ్ళూ నాతోనే కత్తిపీట ముందు కూర్చుంది.

యాభై దాటాక, నెల్లూరు నుంచి వచ్చిన మా కోడలి దగ్గర అక్షరాలు దిద్దాను. మొన్న మనవరాలికి చేపని కొంటే, కొట్టాయన కవరు ముడి వేస్తూ చెప్పాడు. "కొళాయి నీళ్ళు పట్టి రాత్రంతా ఉంచండమ్మా, మందు ఘాటు పోవాలి. ఎప్పుడు మార్చినా సగం పాత నీళ్ళు ఉండనియ్యండి." చిల్లర తీసుకోవడం మరిచిపోయి ఇంటికి వచ్చేశాను.

వీధి కొళాయి లేదు, ఇత్తడి బిందెలు లేవు, కన్నమ్మ అత్తా లేదు. కనకాంబరం ఇప్పుడు పెయింటు డబ్బాలో పూస్తోంది. అమ్మ మాత్రం నా దగ్గరే ఉంది, చూపు బాగా తగ్గింది. ఈ పొద్దున గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, ప్లాస్టిక్ బిందెలో చెయ్యి పెట్టి చూసి, "పాచినీళ్ళు అట్టనే పెట్టుకోనుండావేంది? పారబొయ్యి మే," అంది.

సరేమా అని, ఆమెకి చప్పుడు వినబడేట్టు కనకాంబరానికి పోసేశాను. చేపకి కావలసిన నీళ్ళు నా మంచం కింద ఇంకో బిందెలో ఉన్నాయి, మూత పెట్టి.