చాప దారిలో బిందె

ఆ సైకిల్ రేసులో కొండలెక్కే రోజులున్నాయి, దిగే రోజులున్నాయి. ఒక రోజుది మాత్రం ఉత్త చదును దారి. పొలాలు, గోదాములు, ఒక వంతెన, మళ్లీ గోదాములు. పందెగాళ్లు దాన్ని చాప దారి అంటారు. పరిచిన చాపలా ఉంటుందనీ, దాని మీద సగంమంది కునుకు తీస్తారనీ. పొద్దున బయలుదేరింది మొదలు అందరూ ఒకే గుంపుగా పోవడం, ఆఖర్న ఎవడో తొడబలమున్న మొనగాడు ముందుకు దూకి గెలవడం. ఇంతే సంబడం. దీన్ని చూడటానికి ఎండలో గంటలకొద్దీ నిలబడే జనం ఓపికకి దండం పెట్టాలి.

బిందెకి ఆ దారంటే పరమ అసహ్యం. బిందె అతని అసలు పేరు కాదు. వెనక వచ్చే జట్టు కారు దగ్గరికి వెళ్లడం, చొక్కా నిండా నీళ్లసీసాలు కుక్కుకోవడం, ఆపసోపాలు పడుతూ మళ్లీ ముందుకొచ్చి తమ జట్టు మొనగాడికి అందించడం, ఇదీ అతని ఉద్యోగం. ఎవరో బిందె అన్నారు, అది కాస్తా అతుక్కుపోయింది. మొనగాడు ఏనాడూ ఒక మంచిమాట అన్న పాపాన పోలేదు. దాహం లేకపోతే తల కూడా తిప్పకుండా, ఈగని తోలినట్టు మణికట్టు విదిలిస్తాడు. దానికి ‘వద్దు’ అని అర్థం. ‘నువ్వెంత, నీ బతుకెంత’ అని కూడా అర్థమే. బిందె ఏళ్ల తరబడి దాన్ని మింగుతూ వచ్చాడు. లోపల మాత్రం, ‘వీడి మొహం. ఎదురుగాలికి నేను అడ్డం పడకపోతే వీడు వీధి చివరిదాకా తొక్కలేడు’ అనుకునేవాడు.

ఈసారి చాప దారి సరిగ్గా బిందె ఇంటి ముందునుంచే వేశారు. గుంపులో ఒక పాత మర్యాద ఉంది. ఎవరి ఇల్లు దారిలో వస్తే వాళ్లని కాస్త ముందుకు వదులుతారు. అతను వెళ్లి, సైకిల్ దిగి, ఇంటివాళ్లని పలకరించి, గుంపు రాగానే కలిసిపోవాలి. ఆ కాసేపూ ఎవరూ పోటీపడరు, అతనూ పడకూడదు. రాసిపెట్టిన నియమం కాదు గానీ, దాన్ని తప్పినవాణ్ణి గుంపు మనిషిగా చూడదు.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఒకటో క్లాసు చదివే అతని కూతురికి వేరే ధ్యాస లేదు.

“నాన్నా, నువ్వు అందరికీ నీళ్లిస్తావు కదా. ఆ రోజు నేను నీకిస్తా. ఆగి తాగాలి.”

“ఆగుతానమ్మా.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఆ రోజు రానే వచ్చింది. ఊరు దగ్గరపడుతుంటే బిందె మొనగాడి పక్కకి చేరాడు.

“మా ఇల్లొస్తోంది. ముందుకెళ్లనా?”

మొనగాడు తల తిప్పలేదు. మణికట్టు విదిలించాడు. పో, అని.

“వెళ్లు బిందే, ఇంట్లో కుళాయి వస్తోందేమో చూసుకో,” అన్నారెవరో వెనకనుంచి. గుంపంతా పకపకా నవ్వింది. బిందెకి ఒళ్లు మండిపోయింది.

ముందుకొచ్చాక రోడ్డు ఖాళీగా కనిపించింది. కళ్లముందు ఇంకొకడి వీపు లేకుండా దారి చూసి ఎన్నేళ్లయిందో. మలుపు తిరగ్గానే వాళ్ల వీధి. సైకిల్ తొక్కడం కూడా ఒక పనేనా అని పెళ్లిచూపుల్లో ఎగతాళి చేసిన బావమరిది, ఇవాళ ‘మా బావ’ అని తలుపంత బ్యానరు పట్టుకుని నిలబడ్డాడు. నిన్నటిదాకా తనకీ పేపరువేసేవాడికీ తేడా తెలియని ఇరుగుపొరుగు చప్పట్లు కొడుతున్నారు. థూ, ఈ మొహాల కోసమా ఆగేది? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ దారిలో తనూ మొదటివాడైతే?

ఫుట్‌పాత్ అంచున కూతురు రెండు చేతులతో సీసా చాచి నిలబడి ఉంది. బిందె చూశాడు. వేగం తగ్గించలేదు. అతని మణికట్టు దానంతటదే విదిలింది.

పోనీ గెలిచాడా అంటే, అదీ లేదు. మర్యాద తప్పాడని తెలియగానే నిద్రమొహం గుంపుకి ఎక్కడలేని పౌరుషం వచ్చింది. చదును దారిలో దాక్కోవడానికి ఏముంటుంది? వంతెన దాటకముందే పట్టేశారు. సొంత జట్టువాళ్లే ముందుండి తరిమారు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వాళ్ల వెనక తొక్కలేక తొక్కుతూ అందరికంటే ఆఖర్న చేరాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి బ్యానరు చుట్టి మూలన పడేసి ఉంది. కూతురు నేలమీద బోర్లా పడుకుని బొమ్మకి రంగులు వేస్తోంది.

“వచ్చారా మహారాజుగారు,” అంది భార్య.

“పిల్లని చూసుకోలేదే, జనంలో.”

“చూడకుండానే చెయ్యి విదిలించారా? పొద్దుటి ఘనకార్యం చాలు, దానిమీద అబద్ధం కూడా ఎందుకు?”

బల్లమీద ఆ సీసా అలాగే ఉంది. బిందె మూత తీసి గటగటా సగం తాగాడు. నీళ్లు వెచ్చబడిపోయాయి.

“బంగారం, ఇదిగో, తాగాను చూడు. నువ్వూ తాగుతావా?” అని సీసా కూతురి ముందుకి చాచాడు.

పిల్ల తల తిప్పలేదు. ఈగని తోలినట్టు మణికట్టు విదిలించింది.