మనూబియా పేరు మీద వచ్చిన ఉత్తరం

ట్యూనిస్ పాతబస్తీలో ఇంటి కప్పు కూలాక మనూబియా వాళ్ళు మా కింది వాటాలో దిగారు. ఇంట్లో కూర్చుని ఎర్ర ఉన్ని టోపీలు అల్లేది. కుడికంటి పైపొర తెల్లబడిపోయి, ఒంటికంటితోనే నెట్టుకొస్తోంది. దాని బదులు వెయ్యడానికి ఎవరైనా పోయినవాళ్ళ కంటిపొర దొరకగానే ఆపరేషన్ తేదీ ఉత్తరంలో తెలియజేస్తామన్నారు పెద్దాసుపత్రి వాళ్ళు. వాళ్ళ దగ్గరున్నది పాత చిరునామా.

"కంగారెందుకు? పోస్టాఫీసులో కాగితం నింపాను. అక్కడికొచ్చినవన్నీ ఏడాదిపాటు ఇక్కడికే మళ్ళిస్తారు," అన్నాడు భర్త లజ్హర్. రైల్లో టికెట్లు చూసే ఉద్యోగం అతనిది.

నిజంగానే మళ్ళాయి. కరెంటు బిల్లు వచ్చింది. గాబెస్ నుంచి అతని అన్న ఉత్తరం వచ్చింది, పాత చిరునామా కొట్టేసి పక్కన మా వీధి పేరుతో. ఆసుపత్రి ఉత్తరమే రాలేదు.

మనూబియాకు కాలు నిలిచేది కాదు. పొయ్యి మీద గిన్నె వదిలేసి గుమ్మంలోకొచ్చేది. రెండు బస్సులు మారి పాత వీధికి పోయేది.

"ఏమక్కా, ఇల్లు మారింది గానీ కాళ్ళు మారలేదా?" అనేవాడు అక్కడి కొట్టు హెదీ.

"వేళాకోళాలు తర్వాత. నాకేమైనా వచ్చిందా?"

"పోస్టతను మీ పాతింటి తాళం వైపైనా చూడటంలేదక్కా."

ఉండబట్టలేక ఓరోజు నన్ను వెంటబెట్టుకుని అక్కడి పోస్టాఫీసుకే వెళ్ళింది. కిటికీలో ఆవిడ లజ్హర్ నింపిన కాగితం తీసి చూసింది.

"ఇందులో లజ్హర్ జువారీ అని ఒక్క పేరే ఉందమ్మా."

"నేనాయన భార్యని!"

"మీ పేరు?"

"మనూబియా జ్రీబీ."

మా ఆడవాళ్ళ కాగితాల్లో పుట్టింటి పేరే కదా ఉండేది.

"ఆ పేరు ఇందులో లేదు. మీకొచ్చినవి పంపినవాళ్ళకే వెనక్కి పోతాయి."

అట్నుంచటే ఆసుపత్రికి పరిగెత్తాం. తిరిగొచ్చిన కవరు అక్కడే ఉంది. తేదీ దాటిపోయింది, ఆ పొర ఇంకొకరికి వేసేశారు.

"పోనీలే, ఎవరికో చూపొచ్చింది," అంటూ మెట్ల మీద కూలబడింది. అంతలోనే లేచి ఆ ఆవరణంతా తిరగసాగింది. ఆపుదామని చెయ్యి పట్టుకుంటే విడిపించుకుంది.

సాయంత్రం లజ్హర్ వచ్చీ రాగానే అడిగింది: "నా పేరుకు చోటు లేదా ఆ కాగితంలో?"

"ఇంటిపెద్ద పేరు చాలనుకున్నానే."

"ఇంటికి పెద్దవి నువ్వు, నా కంటికి కాదు!"

అతను అన్నం ముట్టలేదు. తెల్లారి సెలవు పెట్టి, పోస్టాఫీసుకు పోయి ఆమె పేరు, ఇంట్లో ఉంటున్న తన తల్లి పేరు, కూతుళ్ళ పేర్లూ రాయించాడు. ఆసుపత్రికీ వెళ్ళి కొత్త చిరునామా ఇచ్చాడు.

మళ్ళీ పిలుపు రావడానికి చలికాలం దాకా పట్టింది. ఈసారి ఉత్తరం నేరుగా మా వీధికే వచ్చింది.

ఆపరేషనయ్యాక కట్టు విప్పిననాడు నేనూ ఉన్నాను. డాక్టరు వేళ్ళు చూపిస్తే, "మూడు... కాస్త మసగ్గా ఉన్నాయి," అంది. "కుదురుకుంటుంది, కదలకండి," అంటున్నాడాయన. ఆమె అప్పటికే మంచం దిగి, కిటికీ దగ్గరికి నడుస్తోంది.