అమ్మ నవ్వని మూడు చోట్లు

మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు సార్ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. టీవీలో వారం వారం వచ్చిన ఒక రాజకీయ వ్యంగ్య నాటకానికి మాటలు రాసిన మనిషి ఆయన. ఆ నాటకంలోంచి కొన్ని భాగాలు ఏరి ఆయన మిత్రులు పుస్తకం వేస్తున్నారు. ఈ నెలాఖరుకు అచ్చుకు వెళ్తుందట. అందులో చేర్చిన ఒక భాగంలో నేను చేసిన తప్పు ఉంది. ఆయన ఉండగా ఆ సంగతి చెప్పలేకపోయాను. పుస్తకం వచ్చాక చెప్పి లాభం లేదు. అందుకే ఇప్పుడు ఈ పత్రికకు రాస్తున్నాను.

కబురు వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, సారు ఇగ లేడు. పాల ప్యాకెట్ తలుపుకాడ గట్లనే ఉంటే నేనే పోయి కొట్టిన. పలుకలే."

సెలవు పెట్టబోతే కంప్యూటర్ తెర మీద చనిపోయినవారితో బంధుత్వం ఏమిటని ఒక గడి. తల్లి, తండ్రి, భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాటిలో ఆయన లేడు. ఖాళీగా వదిలేస్తే దరఖాస్తు ముందుకు కదల్లేదు. "ఎవరు పోయారు?" అని పక్క సీటు అమ్మాయి అడిగింది. "మా పైఅంతస్తు సార్" అన్నాను. "ఓ, నైబరా" అని తన పనిలో పడింది. తప్పు తనది కాదు. ఆయన నాకేమవుతారో నాకే ఒక్క మాటలో చెప్పడం రాలేదు. సొంత పని అని రాసి బయటపడ్డాను.

మణికొండలో ఆ అపార్ట్‌మెంట్‌కి మా నాన్న వాచ్‌మన్. అమ్మ మెట్లు ఊడ్చి తుడుస్తుంది. సెల్లార్‌లో లిఫ్ట్ వెనకాల గది మాది. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేనే. సార్‌ది అనంతపురం వైపు. భార్య పోయాక ఒక్కరే వచ్చి మూడో అంతస్తులో కిరాయికి దిగారు.

ఆయన నాటకమంతా ఒక మంత్రిగారింటి వరండాలోనే జరిగేది. పనుల మీద వచ్చినవాళ్లు అక్కడ కాచుకుని ఉంటారు. మంత్రి ఎప్పుడూ తెర మీదికి రాడు. గుమ్మం బయట ఆయన చెప్పులు మాత్రం కనిపిస్తాయి. అవి ఉంటే ఆయన లోపల ఉన్నట్టు. వచ్చినవాళ్లు ఆ చెప్పులకే దండం పెట్టి, చెప్పులకే గోడు చెప్పుకుని పోతుంటారు.

ప్రతి గురువారం సాయంత్రం సార్ కొత్త భాగం కాగితాలు పట్టుకుని సెల్లార్‌లోకి దిగేవారు. నాన్న ప్లాస్టిక్ కుర్చీ వేసేవాడు. అమ్మ కూరగాయలు తరుక్కుంటూ వినేది, ఆయన చదివేవారు. పక్కన ఎర్ర పెన్నుతో నేను. అమ్మ నవ్విన చోట కాగితం అంచున సున్నా చుట్టడం నా పని. నవ్వని మాటలను పైకి వెళ్లి ఆయన కొట్టేసేవారు.

ఒకసారి అమ్మ ఒక మాటకు నవ్వబోయి ఆగి, లిఫ్ట్ వైపు చూసి, ఎవరూ లేరని తెలిశాక నవ్వింది.

"ఆ సున్నాలో చుక్క పెట్టు పాపా" అన్నారు సార్. "మనిషి చుట్టూ చూసుకోని నవ్వినాడంటే, మాట తగలాల్సిన చోట తగిలినట్టు. ఉత్త సున్నాలు ఎవరైనా తెస్తారు. చుక్క తెచ్చేదే కష్టం."

అమ్మ ఊరికే వినే రకం కాదు. "గంతసేపు ఆ మంత్రి లోపట ఏం జేస్తడు సారూ? తానం జేస్తున్నడా?" అని ఒకరోజు అడిగింది. తర్వాతి వారం వరండాలో కాచుకున్న ఒక ముసలాయన అదే మాట అడిగాడు. టీవీలో అది వినబడగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా మాట నాకే అమ్ముతున్నడు సూడు" అని నాన్నతో అంది. ఆ రాత్రంతా సంతోషంగా ఉంది.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు జరిగింది ఇది. ఎన్నికలప్పుడు అమ్మ ఓటు వేయడానికి ఊరికి పోయి, అక్కడ ఎవరో పంచిన ప్రెషర్ కుక్కర్‌తో తిరిగి వచ్చింది. దానికి విజిల్ రాదు. ఆ సంగతి మాటల్లో సార్‌కు చెప్పింది. ఆ గురువారం ఆయనకు జ్వరం. కొత్త కాగితాలు నా చేతికిచ్చి, "నువ్వే చదివి వినిపించు పాపా, సున్నాలు చుట్టుకోని రా" అన్నారు.

చదువుతుండగా, నాటకంలో వాచ్‌మన్ భార్య ఒకామె కుక్కర్ చంకన పెట్టుకుని మంత్రిగారి వరండాలోకి వచ్చింది. "విజిల్ వస్తలేదు. అది వచ్చేదాంక ఓటు నాకాడనే ఉంటది" అంది. "వారంటీ ఎన్నికల దాకానేనమ్మా" అన్నాడు మంత్రిగారి పీఏ. ఆమె గాస్కెట్ కోసం చెప్పులకు దండం పెట్టింది.

అమ్మ చేతిలో కత్తి ఆగింది. తల ఎత్తలేదు. కాసేపటికి వంకాయ మళ్లీ తరగడం మొదలుపెట్టింది.

నేను మూడు చోట్ల సున్నాలు చుట్టాను. సార్‌కు మళ్లీ రాసే శ్రమ ఎందుకని చుట్టానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. నాకు నవ్వొచ్చింది. చదువుకుంటున్న నేను వేరు, కుక్కర్ తెచ్చుకున్న ఆమె వేరు అనిపించిన వయసు. ఆ మూడు సున్నాలూ నా నవ్వులే.

ఆ భాగం వచ్చిన మర్నాటి నుంచి అమ్మ ఏ అంతస్తు తుడుస్తున్నా ఎవరో ఒకరు అనేవారు. "ఏమ్మా, విజిల్ వచ్చిందా?" "ఈసారి మిక్సీ అడుగమ్మా, కుక్కర్ ఉందిగా." అమ్మ బకెట్ పక్కకు జరుపుకునేది. కుక్కర్‌ను గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టింది. మళ్లీ దించలేదు.

మరుసటి గురువారం సార్ ఆ పాత కాగితం తెచ్చి నా ముందు పెట్టారు.

"మీయమ్మ ఈడ నవ్విందా పాపా?"

"నవ్వింది సార్."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ తర్వాత మాత్రం ఎంత జ్వరమున్నా కాగితాలు నా చేత పంపలేదు. తనే దిగి వచ్చి, కాగితం మీదుగా అమ్మ ముఖం చూస్తూ చదివేవారు. ఒకసారి పెన్ను నా చేతికిస్తూ, "నవ్వలేదని రాసేది గూడా రాతే పాపా" అన్నారు. అప్పుడు తల ఊపాను. ఇప్పుడు నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం, పనిచేయనిదాన్ని పనిచేయలేదని రాయడం. అలా రాసిన ప్రతిసారీ ఆ మాట గుర్తుకొస్తుంది.

కొన్నాళ్లకు టీవీవాళ్లు నాటకాన్ని ఆపేశారు. ఎందుకో ఆయనకు చెప్పలేదు. నాటకం ఆగినా గురువారం ఆగలేదు. ఏ టీవీలోనూ రాని భాగాలను ఆయన రాస్తూనే ఉన్నారు, అమ్మకు చదువుతూనే ఉన్నారు. నాకు ఉద్యోగం వచ్చి నిజాంపేట హాస్టల్‌కు మారాను. "సున్నాలు చుట్టే మనిషి లేదు పాపా" అని ఆయన ఫోన్ చేసేవారు. "వచ్చే ఆదివారం వస్తాను సార్" అనేదాన్ని. ఎన్ని ఆదివారాలు అలా అన్నానో. అమ్మను చూడటానికి వెళ్లిన రోజు కూడా, పైకి వెళితే ఆ కాగితం మళ్లీ తెస్తారేమోనని, మూడో అంతస్తు ఎక్కకుండానే తిరిగి వచ్చేసేదాన్ని.

ఆయన పోయాక అనంతపురం నుంచి మేనల్లుడు వచ్చాడు. సార్ చేతిరాత చదవగలిగేది నేనేనని కాగితాల కట్టలు నాకిచ్చాడు. చివరి కట్టలోనూ సున్నాలున్నాయి. వంకరటింకరగా, అక్షరాల మీదికి ఎక్కి, ఒక్కోటి రూపాయి బిళ్లంత. "ఇవెవరు చుట్టారే?" అని అమ్మను అడిగాను.

"నేనే. సారు ఏలు వెట్టి సూపిచ్చెటోడు, నేను గీసేదాన్ని. నువ్వు రాకపోతివి గద."

పెన్ను పట్టడం రాని అమ్మ కొన్నింట్లో చుక్కలు కూడా పెట్టింది. ఆ కట్ట ఒళ్లో పెట్టుకుని సున్నాలన్నీ ఒక్కొక్కటిగా చూశాను.

మొన్న గురువారం కుక్కర్ భాగాన్ని అమ్మకు మళ్లీ చదివాను. ఆనాటి సున్నాల సంగతీ చెప్పాను.

"నాకెర్కనే" అంది. "నువ్వు నవ్వుతుంటే సూసిన."

"పుస్తకంలోంచి తీసెయ్యమని రాయనా?"

"ఎందుకు తీసుడు? నేను కుక్కర్ తీస్కోలేదా? తీస్కున్న. గని దాన్ని ఇచ్చినోడు యాడున్నడే ఆ కథల? ఇచ్చినోడు లేడు, విజిల్ రాని కుక్కర్ చేసినోడు లేడు. నేనొక్కదాన్నే ఉన్న. సారు కూడ గది మర్చినట్టున్నడు."

సార్ ఉంటే ఈ మాటకు కుర్చీలోంచి లేచి, మెట్లెక్కి వెళ్లి, తెల్లారేలోగా ఆ భాగాన్ని తిరగరాసేవారు. ఆయనకు ఆ అవకాశం లేకుండా చేసింది నేను.

పుస్తకం వేస్తున్న పెద్దలకు నా మనవి. కుక్కర్ భాగాన్ని తీసేయకండి. దాని కింద అమ్మ అడిగిన ప్రశ్నను ఆమె మాటల్లోనే అచ్చు వేయండి. ఆ మూడు చోట్ల ఆమె నవ్వలేదని కూడా రాయండి. మేనల్లుడు ఇరవై ఆరున ఇల్లు ఖాళీ చేస్తాడు. సార్ చెప్పులు ఇంకా తలుపు బయటే ఉన్నాయి. రోజూ పొద్దున మూడో అంతస్తు తుడిచేటప్పుడు అమ్మ వాటిని ఎత్తి, కింద తడిగుడ్డ పెట్టి, తడి ఆరేదాకా నిలబడి, మళ్లీ ఎక్కడివక్కడ పెడుతోంది. ఇరవై ఐదో తేదీలోగా ఔననో కాదనో ఈ పత్రిక చిరునామాకు రాయండి. ఏం రాసినా అమ్మకు ఉన్నదున్నట్టు చదివి వినిపిస్తాను.