తాజ్‌మహల్‌తో సిరిసిల్లకు

ఉదయం ఆరున్నరకు జగిత్యాలలో బస్సెక్కాను. సిరిసిల్లలో పద్మ పెళ్లి. సాయంత్రమే అత్తవారు ఆమెను మహారాష్ట్రలోని భీవండి తీసుకుపోతారు. వాళ్ల మరమగ్గాలు అక్కడున్నాయి. హాస్టల్లో ఒకే గదిలో ఉన్నప్పుడు, నీ పెళ్లికి లైటు వెలిగే తాజ్‌మహల్ ఇస్తానని పద్మకు మాటిచ్చాను. ఇవాళ ఇవ్వకపోతే ఇక కుదరదు.

జగిత్యాలలో దొరకలేదని, కోరుట్లలో దిగి ఫ్యాన్సీ స్టోర్లో కొన్నాను. తెల్లటి ప్లాస్టిక్, నాలుగు మినార్లు, లోపల ఎర్ర బల్బు, అడుగున సెల్లులు. మెరుపు కాగితం చుట్టి ఇచ్చారు. ఇడ్లీ తిని, ఎనిమిది గంటల వేములవాడ బస్సు పట్టుకున్నాను.

కథలాపూర్ దాటాక పోలీసులు బస్సు ఆపారు. నక్సలైట్ల మందుపాతరల భయంతో ఆ దారిలో ఏ మూటనూ వదలరు. కానిస్టేబుల్ కాగితం చింపాడు. అడుగున వైర్లు కనిపించాయి.

"ఏంది గిది?"

"దోస్తు పెండ్లికి సార్. లైటు ఎలుగుతది."

"గీడ పెట్టిపో. అచ్చేటప్పుడు తీస్కపోదువు."

కొత్తవాళ్లతో నాకు మాట పెగలదు. అయినా, "పెండ్లి ఇయ్యాల్నే సార్," అన్నాను.

"అయితె స్విచ్చి నువ్వే వత్తు."

అందరినీ దించి, బస్సు వెనకాల నిలబడమన్నాడు. తనూ వెళ్లాడు. రోడ్డు మీద నేను, తాజ్‌మహల్ మిగిలాం. నొక్కాను. ఎర్రగా వెలిగింది.

"మంచిగున్నది," అన్నాడు, బస్సు వెనక నుంచే.

అసలు ప్రమాదం ఆ తర్వాత జరిగింది. బస్సులో అందరూ చూస్తామన్నారు. చేతులు మారుతూ అది వెనక సీటు దాకా వెళ్లి తిరిగొచ్చేసరికి మూడు మినార్లే ఉన్నాయి.

"నేను పట్టినప్పుడు గంతే ఉండె," అంది పక్క సీటు అవ్వ, నేను అడగకముందే.

వేములవాడలో బస్సు మారి, పదకొండుకు సిరిసిల్ల చేరాను. చదివింపుల దగ్గర మైకులో "జగిత్యాల దోస్తు, తాజ్‌మహల్ ఒకటి" అని ప్రకటించారు. విరిగిన సంగతి నేనే పద్మకు చెప్పాల్సి వచ్చింది. తిప్పి చూసింది.

"గోడ దిక్కు పెడితె ఎవలకు కానరాదు. నువ్వేడుస్తవేందే? ఇయ్యాల ఏడ్సుడు నా వంతు."

భోజనాల్లో బూరెలు బాగున్నాయి.

సాయంత్రం భీవండి బస్సు దగ్గర, బొమ్మను పెట్టెలో పెట్టమని అత్త చెప్పినా పద్మ వినలేదు. కిటికీ పక్కన కూర్చుంది. తాజ్‌మహల్ ఒళ్లో వెలుగుతోంది. ఇలాంటివి తీసుకెళ్లేవారు సెల్లులు విడిగా ఉంచుకోవడం మంచిది. అదే చెబుదామని కిటికీ దాకా వెళ్లాను. "పైలం," అని జాగ్రత్త మాత్రం చెప్పి వచ్చేశాను.

తిరుగు దారిలో ఎవరూ ఆపలేదు. సీటు దొరికింది. రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో జగిత్యాల వచ్చేదాకా తెలియలేదు.