నూట నలభైలోంచి మా మేనమామ

మా మేనమామకు రెండు వయసులుండేవి. ఇంట్లో అరవై రెండు, ఆఫీసులో యాభై నాలుగు. బడిలో వేసిన రోజున పంతులుగారు ఆయన మొహంలో పొంగిపొర్లుతున్న పసితనం చూసి ఎనిమిదేళ్లు కోసేశారట. లేకుంటే యాభై ఎనిమిదికే రిటైరై నాలుగేళ్లయ్యేది.

మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచిన రోజులవి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడకుండా తేదీలు సరిచేయడం అందులో నా పని. భూగోళం మీది తేదీలన్నీ నా భుజాల మీదే ఉన్నట్టు నడుం వంచి నడిచేవాణ్ని. ఒక మధ్యాహ్నం కబురొచ్చింది: మామయ్యకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కొండెక్కిన జ్వరం, మదీనాగూడ దవాఖానలో చేర్చారని.

వెళ్లి చూద్దును కదా, గదిలో రెండు మంచాలు. రెండోదాని మీద, కాలికి పిండికట్టుతో, మామయ్య ఆఫీసులో ఆయన కింద పనిచేసే మనిషి! మామయ్య రిటైరైతే ఆ కుర్చీ ఇతనిదే. చెవులు చేటలంత.

డాక్టరమ్మ కోస్తా ఆవిడ. "ఈ ఇంజెక్షన్ ఒంట్లోంచి పోవాల్సింది కిడ్నీల గుండానేనండి. అవి ఎంత పని చేస్తున్నాయో చూసుకుని డోసు వేస్తాం. మీ వయసెంతండి?"

మామయ్య పక్కమంచం కేసి ఓ చూపు చూసి, "యాభై నాలుగు" అన్నాడు.

ఆవిడ కాగితం మీద ఏదో గీస్తుంటే నా మెడ కొంగ మెడంత సాగింది. నూట నలభైలోంచి వయసు తీసేయాలట. మిగిలినదాన్ని బరువుతో, అంటే అరవైతో, హెచ్చవేయాలట. దాన్ని డెబ్బైరెండుతోనూ, రక్తంలో తేలిన క్రియాటినిన్‌తోనూ భాగించాలట. కిడ్నీలు బయటికి పంపాల్సిన ఆ మలినం ఒకటీ పాయింటు నాలుగు.

"నూట నలభై ఎందుకండీ? పుట్టగానే అన్ని మార్కులిచ్చి ఏడాదికొకటి కోస్తారా?" అడిగాను.

"దాదాపు అంతేనండి. వయసుతోపాటు కిడ్నీల జోరు తగ్గుతుంది కదా." జవాబు యాభై ఒకటి. "యాభై దాటింది. మూడు పూటలూ ఇవ్వొచ్చు."

అరవై రెండు వేసి నేను మనసులో గుణించాను. నలభై ఆరు!

"యాభై లోపయితేనో?"

"రెండు పూటలేనండి. ఎక్కువైతే మందు ఒంట్లో పేరుకుని కిడ్నీల్నీ, చెవుల్నీ దెబ్బతీస్తుంది."

నర్సు సూది ఎత్తింది. నా కళ్లకది గునపంలా కనిపించింది. మామయ్య చెవిలో గుసగుసలాడాను. "నిజం చెప్పు మామా!"

"నోర్ముయ్యిరా అల్లుడా! వాడు ఇంటున్నడు."

"వయసు ఊసే వద్దు. నూట నలభైలోంచి తీసేస్తే ఎంత మిగులుతుందో అదొక్కటి చెప్పు."

ముప్పై ఏళ్లు ఫైళ్లు నడిపిన బుర్ర. క్షణం పైకప్పు చూసి, గది అదిరేలా "డెబ్బై ఎనిమిది!" అన్నాడు.

డాక్టరమ్మ తన కాగితంలోని ఎనభై ఆరును చూసింది, మామయ్యను చూసింది, పక్కమంచాన్ని చూసింది. అంకె కొట్టేసి, నర్సుతో నెమ్మదిగా, "రెండు పూటలే" అంది.

పక్కమంచం మీది చెవులు లేచాయి. "డెబ్బై ఎనిమిదా సార్? నాడి మస్తుగ కొట్టుకుంటున్నది! ఇగ ఫికర్ లేదు."

"లేదు," అన్నాడు మామయ్య, దుప్పటి మీదికి లాక్కుంటూ. "ఇంక నాలుగేండ్లు ఆరామ్‌గ కొట్టుకుంటది."