మా నాన్న గీసిన రైలు

ప్రొద్దుటూరులో మా బట్టల అంగడికి పొద్దున్నే బేరాల కన్నా ముందు వాదాలొస్తాయి. దేశానికి బుల్లెట్ రైలు కావాలా వద్దా అన్నది ఈ మధ్య పెద్ద వాదం. కావాలనేది మా నాన్న ఒక్కడే, కానీ ఆయన గొంతు నలుగురి పెట్టు. వద్దనేది పక్క బంగారు అంగడాయన. ఉన్న బండ్లే టయానికి రావు, ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా అని దెప్పుతాడు. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో టీ తాగుతూ, ఒకే పేపరు చెరిసగం పంచుకుని పోట్లాడుకుంటారు. నాకైతే చూడముచ్చటగా ఉంటుంది.

ఆ రైలు ఏ దారిన పోతుందో మా ఊళ్లో ఎవరికీ తెలియదు. మా నాన్నకు తెలియకపోవడమంటూ ఉండదు కదా! ఒకరోజు వాదం ముదిరి, బట్ట మీద గుర్తు పెట్టే సుద్దముక్క తీసుకుని కొలతల బల్ల మీద హైదరాబాదు నుంచి బెంగళూరుకు గీత గీసేశాడు. స్టేషను మాకు దగ్గరగా ఉండాలని ఆయన ఆశ. అందుకని గీతను ముద్దనూరు వైపుకు లాగి, కొండాపురం మీదుగా తోలాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

సరిగ్గా అప్పుడే మా మేనమామ అంగడి మెట్లెక్కాడు.

మామది కొండాపురం దగ్గరి పల్లె. గండికోట ప్రాజెక్టు నీళ్లలో ఊరు మునిగేటప్పుడు ఆయన పట్టుబట్టి పెరికి తెచ్చుకున్నది ఇంటి వాకిలి తలుపులు, టేకు గడపతో సహా. సర్కారు ఇచ్చిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాక మాత్రం దానికి రేకు తలుపే పెట్టాడు. మళ్లీ ఎప్పుడు లెమ్మంటారో అన్న దిగులుతో పాత వాకిలిని గోనెసంచులు చుట్టి గోడకు ఆనించేశాడు. ఇన్నేళ్లకు మనసు కుదిరి, గడప నిలబెట్టడానికి ముహూర్తం పెట్టించాడు. దానికి పసుపు పూయాల్సింది ఆ ఇంటి ఆడబిడ్డ, అంటే మా అమ్మ. మా అంగట్లో చీర మా అమ్మకే పెడితే అది పుట్టింటి చీర ఎట్లవుతుందని, పక్క వీధిలో కొని చంకలో పెట్టుకుని పిలవడానికి వచ్చాడు.

బల్ల మీద గీత చూశాడు. టీ తాగి, చీర ఇచ్చి వెళ్లిపోయాడు. మరుసటి రోజు ఫోన్ చేసి, రైలు సంగతి తేలేదాకా ముహూర్తం వద్దన్నాడు.

అమ్మ అరవలేదు. కంచం పెడుతూ నాన్నతో ఒక్క మాటంది.

"నాకు పుట్టిల్లని మిగిలింది ఆ గడపొకటే. దాని మీద గూడా రైలు తోల్తివి గదా."

నాన్న కంచం పక్కకు జరిపాడు. అంత నోరున్న మనిషి అట్లా చిన్నబోతే నాకు పాపమనిపించింది. పొద్దున్నే పక్కాయన దగ్గర గడప కింద పెట్టేందుకు చిటికెడు బంగారం తీసుకున్నాడు. రైలు వద్దన్నోడి బంగారం కాబట్టి గడప కదలదులే అని ఆయన ఆటపట్టించాడు. అమ్మా నాన్నా నేనూ ముగ్గురం కొండాపురం బస్సెక్కాం.

ఆ గీత సర్కారుది కాదని, తన సుద్దముక్క పనేనని నాన్న మామ దగ్గర ఒప్పుకున్నాడు.

"నువ్వు గీసిందని తెలుసు బావా," అన్నాడు మామ. "మా ఊరి మీద నీళ్లు గూడా మొదట ఎవరో ఒకరు బల్ల మీద గీసిండేదే."

నాన్న పోయి ఆ గోనెసంచుల మీద చెయ్యేశాడు.

"మళ్లీ లెమ్మంటే గడపను నేనొక పక్క పట్టుకుంటా, నువ్వొక పక్క పట్టు. అంతదాకా నీ చెల్లెల్ని పసుపు పూయనీ బావా."

మామ లేచి గోనెసంచులు విప్పాడు. తర్వాతి ముహూర్తానికి గడప నిలబడింది. అమ్మ పసుపు పూస్తూ ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

వాదం ఇప్పటికీ ఆగలేదు. నాన్నకు బుల్లెట్ రైలు ఇప్పటికీ కావాలి. సుద్దముక్క పట్టుకుని ఇప్పటికీ గీస్తాడు, కానీ కొండాపురం దగ్గరికొచ్చేసరికి గీతను ఇంత వంపు తిప్పుతాడు. మొన్న పక్కాయన పట్టుకున్నాడు, అంత వేగంగా పోయే రైలు అట్ల మెలిక తిరగదప్పా అని.

"తిరగకుంటే నిదానంగా పోనీ," అన్నాడు నాన్న. "ఆడ మా బావ ఇల్లుంది."